పెరట్లో ఇటుకల బార్బెక్యూ: ఈసారి పగలకుండా కట్టుకోవాలంటే

మీ ప్రశ్న వివరంగా రాశారు కాబట్టి నాకూ వివరంగా చెప్పాలనిపించింది. మిగతావాళ్ల కోసం క్లుప్తంగా విషయం ఇది. పెరట్లో మామూలు ఇటుకలు, సిమెంటుతో మూడు గోడల బార్బెక్యూ కట్టించారు. గ్రిల్ నిలబడటానికి ఇనుప రాడ్లను గోడల్లోనే పెట్టి సిమెంటుతో బిగించేశారు. కొన్ని నెలలకే రాడ్లున్న చోట మొదలైన పగుళ్లు మెట్లు మెట్లుగా పైకి పాకాయి. నిప్పు దగ్గరున్న మాలు (ఇటుకలను అతికించే సిమెంటు, ఇసుకల ముద్ద) వేలితో గీకితే పొడిగా రాలుతోంది. పడగొట్టి మళ్లీ కట్టాలనుకుంటున్నారు. ఫైర్ బ్రిక్ (ఎక్కువ వేడిని తట్టుకునేలా చేసిన ఇటుక) తప్పనిసరా, మాలులో సిమెంటు వాటా పెంచితే సరిపోతుందా, పాత ఇటుకలు మళ్లీ వాడొచ్చా అని అడిగారు.

ముందు సిమెంటు సంగతి తేల్చేద్దాం. పెంచకండి. ఎవరు చెప్పినా సరే, పెంచకండి. సిమెంటు గట్టిపడేటప్పుడు దాంట్లో కాల్షియం హైడ్రాక్సైడ్ అనే పదార్థం తయారవుతుంది. 400 నుంచి 500 డిగ్రీల మధ్య వేడి తగిలితే అది తనలోని నీటిని వదిలేసి పొడి సున్నంగా మారిపోతుంది. తర్వాత వాన నీరో గాలిలోని తేమో తగిలినప్పుడు ఆ సున్నం మళ్లీ నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. మీ గోడలో పొడిపొడిగా రాలుతున్నది ఇదే. ఇది కాక, మాలులోని ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్ అనే ఖనిజం. అది 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి వ్యాకోచిస్తుంది. రగులుతున్న బొగ్గు 700 డిగ్రీలు సులువుగా దాటుతుంది. అంటే నిప్పుకు ఆనుకుని మామూలు సిమెంటు మాలు ఉన్నంతకాలం ఇదే జరుగుతుంది. సిమెంటు వాటా పెంచితే చెడిపోయే సరుకు పెంచినట్టే.

ఇక పగుళ్లు. 60 సెంటీమీటర్ల ఇనుప రాడ్డు 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. కాల్చిన మట్టి ఇటుక అదే వేడికి అందులో సగం మాత్రమే సాగుతుంది, పైగా గోడకు రాడ్డంత వేడి ఎక్కదు. రెండు కొసలూ సిమెంటులో బిగించిన రాడ్డుకు సాగడానికి చోటు లేక రెండు గోడలనూ బయటికి నెడుతుంది. చల్లారాక రాడ్డు వెనక్కి వస్తుంది కానీ గోడ రాదు. ఆ సన్నటి సందులోకి నీరు దిగి రాడ్డు తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అది ఇంకొంచెం నెడుతుంది. మీ ఫోటోలో పగుళ్లన్నీ రాడ్డు కొసల దగ్గరే మొదలవడానికి కారణం ఇదే. మేస్త్రీ పనితనం బాగానే ఉంది, వరసలు తిన్నగా ఉన్నాయి. తప్పు డిజైన్‌ది.

కాబట్టి కొత్తది కట్టేటప్పుడు మనసులో పెట్టుకోవాల్సింది ఒక్కటే: వేడికి కదిలేదాన్ని కదలనివ్వాలి. బయటి గోడ వేరు, లోపల నిప్పును మోసే పొర వేరు, గ్రిల్ వేరు. ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండకూడదు. కింద చెప్పేదంతా దీన్ని ఎలా సాధించాలన్నదే.

ఫైర్ బ్రిక్ తప్పనిసరా? నిప్పు ఎక్కడ పెడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. బొగ్గు మందపాటి ఇనుప ట్రేలో, గోడలకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉండి, ఎప్పుడో ఒకసారి వాడేదైతే బాగా కాలిన మామూలు ఇటుక చాలాకాలం ఓర్చుకుంటుంది. మీరు వారం వారం వాడతామంటున్నారు, కట్టెలు కూడా మండిస్తామంటున్నారు. అలాంటప్పుడు నిప్పు తగిలే నేలకూ దాని చుట్టూ ఉన్న మూడు పక్కలకూ ఫైర్ బ్రిక్ పెట్టండి. మొత్తం దాంతోనే కట్టనక్కర్లేదు, అది అనవసరపు ఖర్చు. సాధారణంగా 230 × 115 × 75 మిల్లీమీటర్ల సైజులో దొరుకుతుంది. అల్యూమినా (వేడిని తట్టుకునే గుణం ఇచ్చే పదార్థం) 30 నుంచి 40 శాతం ఉన్న రకం మీ పనికి ధారాళంగా సరిపోతుంది; కొలిమిలకు వాడే ఖరీదైన రకాల జోలికి వెళ్లొద్దు. ఇంకొక జాగ్రత్త: చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, గోరుతో గీస్తే గీత పడేంత మెత్తగా ఉండే ఇటుకలు కూడా ఇదే పేరుతో అమ్ముతుంటారు. అవి వేడి బయటికి పోకుండా ఆపడానికి చేసినవి. పార తగిలే చోట, బొగ్గు పడే చోట అవి ఊరికే ముక్కలైపోతాయి. మనకు కావలసింది బరువైన, గట్టి రకం.

బయటి గోడకు మామూలు ఎర్ర ఇటుక చాలు, కానీ బాగా కాలినది కావాలి. రెండింటిని ఒకదానికొకటి తట్టితే ఖంగుమనాలి. డొల్లగా మోగితే పక్కన పెట్టేయండి. అనుమానంగా ఉంటే పొడి ఇటుకను తూచి, ఒక రోజంతా నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. బరువు 20 శాతానికి మించి పెరిగితే అది వానలో నిలిచే ఇటుక కాదు. సిమెంటు బ్లాకులు, ఫ్లైయాష్ ఇటుకలు నిప్పు పక్కన వద్దు. వాటిలో పట్టు ఇచ్చేది సిమెంటో సున్నమో కాబట్టి పైన చెప్పిన జబ్బే వాటికీ వస్తుంది. గుండ్రటి ఏటి రాళ్లతో అందంగా ఉంటుందని కొందరు నిప్పు చుట్టూ పేరుస్తారు. లోపల ఇరుక్కున్న తడి ఆవిరై ఆ రాళ్లు పెద్ద శబ్దంతో పేలి పెచ్చులు ఎగురుతాయి, కళ్లకు ప్రమాదం. ఎక్కడో దూరంగా అలంకారానికి తప్ప వాడకండి.

చోటు గురించి ఎక్కువ చెప్పను, మీరు చూసుకున్నట్టే ఉన్నారు. ఇంటి గోడకు, చెక్క కంచెకు కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి, పైన కొమ్మలు, తీగలు ఉండకూడదు. రేకుల షెడ్డు కింద కడదామన్న ఆలోచన మాత్రం మానుకోండి. మూడు పక్కలా మూసిన షెడ్డులో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, తెలిసేసరికే ఆలస్యమవుతుంది. గాలి ఎక్కువగా ఎటు నుంచి వీస్తుందో కొన్నాళ్లు సాయంత్రాలు గమనించి, బార్బెక్యూ వీపు అటు తిరిగేలా పెట్టండి. ముందు మీరు నిలబడే చోట ఒక మీటరు మేర గడ్డి తీసేసి రాయో ఇటుకో పరవండి. నిప్పురవ్వలు పడేది అక్కడే.

పని మొదలుపెట్టే ముందు గ్రిల్ కొనేయండి. గోడ కట్టేసి, ఆ కొలతకు గ్రిల్ వెతుక్కోవడం చాలామంది చేసే పని, చివరికి వెల్డింగ్ షాపు చుట్టూ తిరగాల్సి వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 304 రకం, కడ్డీ 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం ఉంటే వంగదు. పోత ఇనుముదైతే వేడి బాగా పట్టుకుంటుంది, కానీ నూనె రాసి జాగ్రత్తగా చూసుకోవాలి. గాల్వనైజ్డ్ జాలీ మాత్రం ఎంత చవగ్గా వచ్చినా వద్దు. దాని మీది జింకు పూత 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆ పొగ పీలిస్తే జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. పాత ఫ్రిజ్‌లోని అరలు కూడా వాడొద్దు. వాటి మీద ఏం పూత ఉందో మనకు తెలియదు.

ఇక కొలతలు. మీ గ్రిల్ 60 × 40 సెంటీమీటర్లది అన్నారు కాబట్టి దాని మీదే లెక్క చెప్తాను. లోపలి వెడల్పు 62 పెట్టండి, అంటే రెండు పక్కలా చెరో సెంటీమీటరు వదులు. లోతు 45. ఫైర్ బ్రిక్‌ను అంచు మీద నిలబెడితే దాని మందం 7.5, దాని వెనక ఖాళీ సందు 1, ఆ వెనక బయటి గోడ 11. అన్నీ కలిపితే బయటి వెడల్పు 101, లోతు సుమారు 65 సెంటీమీటర్లు. దీనికి మామూలు ఇటుకలు, విరిగిపోయేవి కలుపుకుని, 110 వరకు పడతాయి. ఫైర్ బ్రిక్‌లు ఒక 45.

అన్నీ కలిపి ఆరేడు వందల కిలోల బరువు ఒక చిన్న చోట కూర్చుంటుంది. అందుకే పునాదిలో పిసినారితనం చేయొద్దు. పైమట్టి, వేళ్లు తీసేసి ఒక జానెడు లోతు తవ్వండి. అడుగున 10 సెంటీమీటర్ల కంకర పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టండి. దాని మీద ప్లాస్టిక్ షీటు పరిచి, 12 సెంటీమీటర్ల మందం కాంక్రీటు, నడి మందంలో ఇనుప జాలీ. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపితే చాలు. 130 × 95 సెంటీమీటర్ల బెడ్డుకు బస్తా సిమెంటు సరిపోతుంది. మీ మట్టి నల్లరేగడిలా తడికి ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే రకమైతే కంకర పొర రెట్టింపు చేసి, బెడ్డులో జాలీకి బదులు రాడ్లు కట్టి వేయండి. నేల గడ్డకట్టే చలి ఉండే చోట్ల అక్కడి ఇళ్ల పునాది ఎంత లోతుకు పోతుందో కనుక్కుని, దాన్ని బట్టి వెళ్లాలి. కాంక్రీటు పోశాక వారం రోజులు గోనె పట్టా కప్పి తడుపుతూ ఉండండి. ఈ వారం ఓపిక పట్టలేక మూడో రోజే గోడ ఎత్తేవాళ్లే ఎక్కువ.

ఆ వారంలో ఒక మంచి పని చేసుకోవచ్చు. మాలు లేకుండా ఊరికే ఇటుకలు పేర్చి చూసుకోండి. ఇటుకకూ ఇటుకకూ మధ్య వేలు పట్టేంత సందు వదిలి మొదటి రెండు వరసలు పేరిస్తే, ఎక్కడ సగం ఇటుక కావాలో, మూలల్లో పట్టు ఎలా వస్తుందో కళ్లకు కడుతుంది. గ్రిల్‌ను లోపల పెట్టి చూడండి. అక్కడ నిలబడి చేతులు చాపి చూడండి. మార్పులేమైనా ఉంటే చేసుకోవాల్సింది ఇప్పుడే.

బయటి గోడకు సిమెంటు 1, హైడ్రేటెడ్ లైమ్ 1, ఇసుక 6 పాళ్లలో మాలు కలపండి. సున్నం కలిస్తే మాలు తాపీకి నున్నగా వస్తుంది, గట్టిపడ్డాక కూడా కాస్త సర్దుకునే గుణం ఉంటుంది. సున్నం చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి. ఇటుకలను ముందు నీళ్లలో నానబెట్టి, పైన నీరు కారడం ఆగాక వాడండి. పొడి ఇటుక మాలులోని నీళ్లన్నీ లాగేసి పట్టు లేకుండా చేస్తుంది. మూలలు లంబంగా వచ్చాయో లేదో 90, 120, 150 సెంటీమీటర్ల కొలతతో చూసుకోండి: మూల నుంచి ఒక పక్క 90, ఇంకో పక్క 120 గుర్తు పెడితే ఆ రెండు గుర్తుల మధ్య 150 రావాలి. ప్రతి వరసకూ రసమట్టం పెట్టండి, ప్రతి మూలకూ గుండు వేలాడదీయండి. నిలువు అతుకులు ఒకదాని మీద ఒకటి రాకూడదు. రోజుకు నాలుగైదు వరసలకు మించి లేపొద్దు.

ఇటుక 7.5, మాలు 1 అనుకుంటే ఒక్కో వరస 8.5 సెంటీమీటర్లు. ఆరు వరసలు లేచాక 51 దగ్గర ఆపి, గోడల మీద 8 సెంటీమీటర్ల మందం కాంక్రీటు స్లాబు పోయించండి. ఇదే పొయ్యి నేలకు ఆధారం. 8 మిల్లీమీటర్ల రాడ్లు రెండు వైపులా అడ్డంగా నిలువుగా కట్టి, అడుగు నుంచి 2 సెంటీమీటర్లు పైకి ఉండేలా పెట్టాలి. ముందు వైపుకు అర సెంటీమీటరు వాలు ఇస్తే వాన నీరు నిలవదు. అడుగు చెక్కలు వారం దాకా తీయొద్దు. స్లాబు కింద ఖాళీలో కట్టెలు, బొగ్గు దాచుకోవచ్చు, కాకపోతే నిప్పు మండుతున్నప్పుడు ముందు అంచు దగ్గర ఏమీ పెట్టకండి. స్లాబు పైన బయటి గోడ మరో ఐదు వరసలు లేస్తుంది. వెనక గోడలో స్లాబు మీది రెండో వరసలో రెండు చోట్ల నిలువు అతుకును మాలు నింపకుండా రెండు సెంటీమీటర్ల సందుగా వదిలేయండి. లోపలి పొరలో కూడా వాటికి ఎదురుగా, నేలకు కొంచెం పైన, అలాంటి సందులే ఉండాలి. ముందు నుంచి ఎటూ గాలి వస్తుంది, కానీ వెనక మూలల్లో బొగ్గు చల్లబడకుండా చూసేది ఈ సందులే.

అసలు పని ఇప్పుడు. స్లాబు మీద ఒక సెంటీమీటరు పొడి ఇసుక పరిచి, చెక్క బద్దతో సమంగా లాగి, దాని మీద ఫైర్ బ్రిక్‌లను పడుకోబెట్టి ఒకదానికొకటి ఆనించండి. మాలు వద్దు. అవును, నేలకు మాలే వద్దు. ఇసుక వేడిని స్లాబుకు నెమ్మదిగా పంపుతుంది, ఇటుకలు సాగినప్పుడు కాస్త జరగడానికి వీలిస్తుంది. ఎప్పుడైనా ఒకటి పగిలితే దాన్ని మాత్రం పైకి లాగి, కొత్తది దింపితే పది నిమిషాల్లో పని అయిపోతుంది. సిమెంటు మీద అతికించిన నేల పగిలితే సుత్తి, ఉలి పట్టుకుని సగం పొయ్యి బద్దలు కొట్టాలి. ముందు అంచు ఇటుకలు జారిపోకుండా స్లాబు అంచున సన్నటి గట్టు పోయించుకోండి. వాన నీరు పోవడానికి దాంట్లో ఒకటి రెండు గాట్లు వదలండి.

ఈ నేల అంచుల మీద, మూడు వైపులా, ఫైర్ బ్రిక్‌లను అంచు మీద నిలబెట్టి మూడు వరసలు పేర్చాలి. వీటికి మాత్రం సన్నగా, 2 నుంచి 3 మిల్లీమీటర్ల రిఫ్రాక్టరీ మోర్టార్, అంటే ఎక్కువ వేడిని తట్టుకునే మాలు. కొనేటప్పుడు డబ్బా మీద రాసింది చదవండి. ఉత్తి ఫైర్ క్లే (వేడిని తట్టుకునే మట్టి) అయితే బాగా ఎక్కువ వేడిలో కాలితే గానీ గట్టిపడదు, ఆరుబయట మొదటి వానకే కరిగి కారిపోతుంది. హై అల్యూమినా సిమెంటు కలిసి, నీళ్లతోనే గట్టిపడే రకం కావాలి. అది దొరక్కపోతే జల్లించిన సన్నటి ఇసుక 3, సిమెంటు 1, సున్నం 1, ఫైర్ క్లే 1 పాళ్లలో కలుపుకోవచ్చు. వేడికి సిమెంటు నీరసపడినా మట్టీ సున్నమూ కొంత పట్టు ఇస్తాయి. కొన్న మోర్టారంత మన్నదు గానీ ఫరవాలేదు. ఫైర్ బ్రిక్‌లను నానబెట్టకండి, ఒకసారి నీళ్లలో ముంచి తీస్తే చాలు. కోసేటప్పుడు వచ్చే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. కర్చీఫ్ కట్టుకుంటే సరిపోదు, సరైన మాస్కు పెట్టుకోండి.

ఈ లోపలి పొరకూ బయటి గోడకూ మధ్య ఒక సెంటీమీటరు సందు అన్నాను కదా, కాపాడుకోవడానికి అన్నిటికంటే కష్టమైనది అదే. గోడ కడుతున్నప్పుడు మాలు తెలియకుండా సందులోకి జారి అక్కడే గడ్డకడుతుంది. అలా గడ్డకట్టిన ఒక్క ముద్ద చాలు, లోపలి పొర సాగినప్పుడు ఆ ముద్ద ద్వారా బయటి గోడను నెట్టడానికి. దీనికి సులువైన ఉపాయం అట్టపెట్టె ముక్క. సెంటీమీటరు మందం వచ్చేలా అట్టలు మడిచి బయటి గోడ లోపలి ముఖానికి ఆనించి, దాన్ని తాకుతూ ఫైర్ బ్రిక్‌లు పేర్చండి. తర్వాత ఆ అట్టను తీయక్కర్లేదు, రెండు మూడు మంటలకు అదే మాడి పొడి అయిపోయి ఖాళీ మిగులుతుంది. సెరామిక్ ఫైబర్ దుప్పటి దొరికితే అట్టకు బదులు అది పెట్టి అలాగే వదిలేయొచ్చు, ఇంకా మంచిది. గాలి సందుల దగ్గర మాత్రం అడ్డు లేకుండా కోసేయండి. రెండు గోడలనూ కలుపుతూ అడ్డ ఇటుక పెడదామని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. గోడ గట్టిగా ఉండాలని ఆయన మంచి ఉద్దేశంతోనే అంటారు. మామూలు గోడకైతే అది సరైన మాటే.

గ్రిల్‌కు ఆధారం. గోడలో రాడ్డు వద్దు, యాంగిల్ (L ఆకారపు ఇనుప పట్టీ) వద్దు, బయటికి పొడుచుకొచ్చే ఇటుక కూడా అవసరం లేదు. ఎనిమిది ఫైర్ బ్రిక్‌లు ఎక్కువ కొనుక్కుని సగానికి కోయించి, నాలుగు మూలల్లో ఊరికే ఒకదాని మీద ఒకటి పెట్టండి. దాని మీద గ్రిల్ పెట్టండి. అంతే. నేల మీద 5, 6 సెంటీమీటర్ల మందం బొగ్గు ఉందనుకుంటే, మూలకు రెండు ముక్కలు పేరిస్తే గ్రిల్ 15 సెంటీమీటర్ల ఎత్తున, బొగ్గుకు బాగా దగ్గరగా ఉంటుంది, త్వరగా పైన కాల్చుకోవడానికి. మూడు పెడితే 22.5, ఎక్కువ వంట ఈ ఎత్తులోనే. నాలుగు పెడితే 30, నిదానంగా ఉడకాల్సినవాటికి. మూడు ముక్కలు పెట్టినప్పుడు గ్రిల్ మీరు నిలబడే నేల నుంచి సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, నిలబడి వండేవాళ్లకు నడుము వంగదు. ఇంట్లో వండేది పొట్టివాళ్లయితే కింద ఒక వరస తగ్గించండి. ఇటుక ముక్కల ఎత్తు మార్చేది నిప్పు పెట్టకముందే. మధ్యలో వేడి ఎక్కువైతే బొగ్గును ఒక పక్కకు నెట్టండి, ముక్కలను ముట్టుకోకండి.

గోడ పైన కప్పుగా రాతి పలకలో, అంచు మీద నిలబెట్టిన ఇటుకలో పెట్టొచ్చు. అవి బయటి గోడ మీదే కూర్చోవాలి. సందు మీదుగా కొంచెం లోపలికి వచ్చి వాన పడకుండా కాపాడాలి, కానీ లోపలి పొరను తాకకూడదు. మధ్యలో కనీసం అర సెంటీమీటరు ఖాళీ ఉండేలా, అవసరమైతే బయటి గోడ పై వరసల మాలు మందం పెంచి సర్దుకోండి. పక్కన గిన్నెలు పెట్టుకోవడానికి గ్రానైట్ బండ వేయించుకుంటానన్నారు, బాగుంటుంది. నిప్పు నేరుగా తగిలే చోటికి మాత్రం దాన్ని తేవద్దు, గ్రానైట్‌లోనూ క్వార్ట్జ్ ఉంటుంది. చిమ్నీ మీకు అవసరం లేదు. ముందూ పైనా తెరిచి ఉన్న పొయ్యికి చిమ్నీ పెడితే పొగ దాంట్లోంచి పోదు, మీ మొహం మీదికే వస్తుంది. చిమ్నీ కావాలంటే పైన గొంతు సన్నబడే పొగగూడు కట్టాలి, అది వేరే లెక్క.

కట్టడం అయిపోయాక అందరికీ ఒకటే తొందర, ఆ ఆదివారమే నిప్పు పెట్టేయాలని. దయచేసి ఆగండి. మాలులోనూ ఇటుకల్లోనూ బోలెడు నీరుంటుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్ల చోటు కావాలి. నెమ్మదిగా వేడెక్కితే ఆ ఆవిరి ఇటుక రంధ్రాల్లోంచి బయటపడుతుంది. ఒక్కసారిగా పెద్ద మంట పెడితే దారి దొరక్క అతుకులను చీల్చుకుని వస్తుంది. చివరి మాలు పెట్టిన తర్వాత మొదటి వారం బయటి గోడను తడుపుతూ ఉండి, తర్వాత కనీసం రెండు వారాలు వాన తగలకుండా ఆరనివ్వండి. తర్వాత మొదటి మంట గుప్పెడు ఎండు పుల్లలతో, అరగంట. బయటి గోడ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తెలియాలి, అంతే. మర్నాడు ఇంకొంచెం ఎక్కువ. ఇలా ఐదారు మంటలు, ప్రతిసారీ పూర్తిగా చల్లారనిస్తూ. ఈ మంటలకు బొగ్గు వాడకండి, అది ఒకే చోట వేడిని కుప్పపోస్తుంది. మంట పెట్టినప్పుడు బయటి గోడ మీద తడి మచ్చలు కనబడుతున్నాయంటే లోపల ఇంకా నీరుంది, ఆ రోజుకు మంట పెంచొద్దు. లోపలి పొరలో వెంట్రుక మందం పగుళ్లు కనబడితే టెన్షన్ పడకండి. అవి వేడికి తెరుచుకుంటాయి, చల్లారితే మూసుకుంటాయి, ఎప్పటికీ అలాగే ఉంటాయి. మళ్లీ మాలు పూయాలని చూడకండి. బయటి గోడ మీద తెల్లగా ఉప్పు తేలితే పొడి బ్రష్‌తో దులిపేయండి, కొన్నాళ్లకు అదే తగ్గిపోతుంది.

వాడకంలో రెండు మూడు మాటలు. వంట అయ్యాక నీళ్లు చల్లి ఆర్పొద్దు, ఎర్రగా కాలిన ఇటుక మీద చల్లటి నీరు పడితే పగులుతుంది. దానంతట అది ఆరిపోనివ్వండి. పిల్లలు తిరిగే పెరడైతే ఆరేదాకా ఎవరో ఒకరు అక్కడే ఉండండి, బకెట్టు ఇసుక దగ్గర పెట్టుకోండి. బూడిదను మర్నాడు కూడా మూత ఉన్న ఇనుప డబ్బాలోకే ఎత్తండి, లోపల నిప్పు కణిక రోజంతా బతికి ఉండగలదు. పొయ్యిలోనే వదిలేస్తే వాన పడి ఆ బూడిద నీరు క్షారంగా మారుతుంది, గ్రిల్‌నూ అతుకులనూ తింటుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, చెదలు పట్టకుండా మందు ఎక్కించిన కలప మంటలో వేయొద్దు. అలా మందు ఎక్కించిన పాత కలపలో ఆర్సెనిక్ ఉండే రకాలున్నాయి, ఆ పొగ తిండికి తగలకూడదు. పూర్తిగా చల్లారాక పైన రేకో టార్పాలినో కప్పండి, పక్కల నుంచి గాలి ఆడేలా.

చివరిగా మీ పాత ఇటుకలు. వాడొచ్చు, కానీ వేరు చేసి. నిప్పుకు దూరంగా ఉన్న కింది వరసలవి, బయటివైపువి, పాత మాలు సుత్తి తాపీతో గీకేసి తట్టి చూడండి. ఖంగుమన్నవన్నీ కొత్త బయటి గోడకు పనికొస్తాయి. మీ ఫోటోను బట్టి చూస్తే సగానికి పైనే బాగుండొచ్చు. మాంసం కొవ్వు కారి నల్లబడినవి మాలును పట్టుకోవు, పెచ్చులూడినవి వానకు తాళవు. అవి ముందు పరుచుకునే మీటరు నేలకు అడుగున కంకరతో కలిపి కొట్టేయండి. రాడ్లు పాతిన ఇటుకల్లో మాత్రం ఒక్కటి కూడా గోడలో పెట్టొద్దు, పైకి కనబడకపోయినా లోపల చీలిక ఉంటుంది. కొత్త ఇటుకలు కొనేటప్పుడు పాతదొకటి చేతిలో పట్టుకెళ్లండి. మందంలో 5 మిల్లీమీటర్లు తేడా ఉన్నా మూల దగ్గర వరసలు కలవవు. అలా తేడా వస్తే పాతవన్నీ స్లాబు కింది ఆరు వరసలకూ, కొత్తవి స్లాబు పైకీ వాడండి. మధ్యలో స్లాబు ఉంది కాబట్టి అతుకులు కలవాల్సిన పనే ఉండదు.